బొటనవేలు ఎక్కడ ఆనించాలి?

పై పెదవి చీలి పుట్టిన బిడ్డ లోపానికి తెలుగులో గ్రహణమొర్రి అని పేరు. కారణం తెలియని రోజుల్లో మన పెద్దలు ఒక కారణాన్ని ఊహించి దాన్ని పేరులోనే కలిపేశారు. పాదం కిందికీ లోపలికీ తిరిగిపోయి పుట్టిన బిడ్డకు అలాంటి పేరేదీ స్థిరపడలేదు. వంకర కాలు అంటారు, కాస్త మొరటుగా సొట్టకాలు అంటారు. నింద మాత్రం తరచుగా గ్రహణం మీదికే పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి కాళ్ళు ముడుచుకుని కూర్చుందనో, కత్తిపీట ముట్టుకుందనో అంటారు. గ్రహణం కనిపించని ఏడాదిలోనూ ఇలాంటి పిల్లలు పుడుతూనే ఉన్నారనీ, గ్రహణం నాడు పొలంలో పనిచేసిన తల్లులకు నిక్షేపంలాంటి పిల్లలు పుట్టారనీ ఎవరూ లెక్క చూడరు.

ఇంగ్లీషులో దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. ఈ వ్యాసంలో వంకర పాదం అని పిలుచుకుందాం. దీని మీద వచ్చిన ఒక చిన్న పుస్తకం గురించి, ఆ పుస్తకం గెలిచిన తీరు గురించి, అందులో వదిలేసిన దాని గురించి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. ఆ పుస్తకం పేరు 'కంజెనిటల్ క్లబ్‌ఫుట్: ఫండమెంటల్స్ ఆఫ్ ట్రీట్‌మెంట్'. రాసినవారు ఇగ్నేసియో పోన్సెటి. 1996లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దీన్ని ప్రచురించింది. అప్పటికి రచయిత వయసు 82 ఏళ్ళు.

ఇంత పాత పుస్తకాన్ని ఇప్పుడెందుకు సమీక్షించాలి? ఇందులోని చికిత్స ఈనాడు ప్రపంచమంతటా ఆమోదం పొందింది. దాంతో ఈ పుస్తకం పేరు చెప్పేవాళ్ళు పెరిగారు, చదివేవాళ్ళు తగ్గారు. నేను డాక్టర్ని కాను, జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి అనువాదాల్లోకి వచ్చినవాణ్ణి. అయినా ఈ పుస్తకం నాకు అర్థమైంది. ఇంటర్ లో ఎముకల పాఠం శ్రద్ధగా చదివిన విద్యార్థికి కూడా సగానికి పైగా అర్థమవుతుంది. అస్థివైద్యం మీద వచ్చిన పుస్తకాల్లో ఈ మాట అనదగ్గవి ఎక్కువ లేవు.

అస్థివైద్యం అన్నాను కానీ, ఆర్థోపెడిక్స్ అన్న మాటకు అసలు అర్థం అది కాదు. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలస్ ఆండ్రీ రెండు గ్రీకు మాటలు కలిపి దీన్ని తయారు చేశాడు. ఒకదానికి తిన్నన అని అర్థం, రెండోదానికి బిడ్డ అని. వంకరగా పెరుగుతున్న లేత చెట్టును నిలువు కర్రకు తాడుతో కట్టిన బొమ్మ ఆయన పుస్తకంలో ఉంది. ఈనాటికీ అస్థివైద్య సంఘాలు ఎన్నో ఆ బొమ్మనే గుర్తుగా వాడుకుంటున్నాయి. అంటే ఈ శాస్త్రం పుట్టిందే పిల్లల కోసం. తరవాత అది విరిగిన తుంటి ఎముకలు, అరిగిన మోకాళ్ళ వైపు వెళ్ళిపోయింది.

వంకర పాదం అరుదైన జబ్బు కాదు. రమారమి వేయి మంది శిశువుల్లో ఒకరికి ఉంటుంది. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో రెట్టింపు కనిపిస్తుంది. సుమారు సగం మందికి రెండు పాదాలూ వంకరే. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుడుతున్నారు. వేయికి ఒకరు అనుకున్నా ఏటా ఇరవై వేలకు పైన. కారణం పూర్తిగా తేలలేదు, వంశపారంపర్యం పాత్ర మాత్రం ఉంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. వేర్వేరు అండాల కవలల్లో అది నూటికి మూడు. ఇది పూర్తిగా జన్యువుల పనే అయితే మొదటి అంకె నూటికి నూరు కావాలి కదా! అలా కాలేదంటే గర్భంలో ఇంకేదో కూడా జరుగుతోందన్నమాట.

ఆ ఇంకేదో ఎప్పుడు జరుగుతుందన్న విషయంలో పోన్సెటిది ఖచ్చితమైన అభిప్రాయం. పిండంలో పాదం మొదట మామూలుగానే ఏర్పడుతుందనీ, తరవాతే తిరిగిపోతుందనీ ఆయన వాదన. గర్భం పదహారో వారానికి ముందు అల్ట్రాసౌండ్ లో ఇది కనిపించడం అరుదు. పుట్టకముందే చనిపోయిన శిశువుల పాదాలను కోసి, పలచని పొరలుగా చేసి సూక్ష్మదర్శిని కింద చూసి రాసిన అధ్యాయం ఈ పుస్తకంలో అన్నిటికన్నా బాగుంది. చీలమండ వెనకా లోపలి వైపూ ఉన్న బంధకాలు మందంగా, బిగుసుకుని ఉంటాయి. ఎముకలు అప్పటికి ఇంకా మృదులాస్థి. పక్కవాటి ఒత్తిడికి వాటి ఆకారమే మారిపోతుంది. ఎముక తన చోట నుంచి జారిందంటే జరిపి పెట్టవచ్చు. ఆకారమే మారితే ఏం చేయాలి? ఇక్కడే పుస్తకం అసలు ప్రశ్నలోకి వెళుతుంది.

ముందుగా ఈ పాదం ఎలా ఉంటుందో చూద్దాం. ఇందులో నాలుగు వంకరలు కలిసి ఉంటాయి. అరికాలి గుంట మరీ లోతుగా ఉంటుంది. పాదం ముందు భాగం లోపలికి వంగుతుంది. మడమ లోపలికి ఒరుగుతుంది. మడమ పైకి లేచిపోయి, పాదం గుర్రపు కాలిలా మునివేళ్ళ మీద నిలుస్తుంది. ఈ నాలుగో వంకరకు వైద్యుల పేరు ఈక్వైనస్. గుర్రానికి లాటిన్ మాట నుంచి వచ్చింది అది. వైద్యం చేయకపోతే బిడ్డ పాదం పైభాగం మీద, బయటి అంచు మీద నడుస్తాడు. అక్కడ చర్మం కాయలు కాస్తుంది, పుండ్లు పడుతుంది. బూటు పట్టదు, బడికి నడక కష్టం, పొలం పని కష్టం.

చికిత్స కొత్తదేమీ కాదు. పుట్టిన వెంటనే చేతులతో మెల్లగా సరిచేసి కట్టు కట్టమని హిపోక్రటీస్ పేర వచ్చిన గ్రంథాల్లోనే ఉంది. మన ఇళ్ళల్లోనూ కాళ్ళ మీద పడుకోబెట్టి బిడ్డకు నీళ్ళు పోసే పెద్దమ్మలు 'రోజూ నూనె రాసి లాగితే అదే తిన్నగా అవుతుందిలే' అంటారు. లేత పాదం వంగుతుందన్న సంగతి వాళ్ళకూ తెలుసు. ఎటు వంచాలో మాత్రం తెలియదు. అయితే ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా ఆ సంగతి పేరుమోసిన వైద్యులకు కూడా తెలియదని పోన్సెటి అంటాడు. ఈ పుస్తకం వేడి అంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో జె. హెచ్. కైట్ అనే పెద్ద వైద్యుడు ఉండేవాడు. బలప్రయోగం వద్దన్నవాడు, ఓపికగా పిండికట్లు మార్చుకుంటూ పోయినవాడు. ఆ రోజుల్లో ఇనుప పట్టకారు లాంటి పరికరాలతో పసిపాదాలను మెలితిప్పేవారు. వాళ్ళతో పోలిస్తే కైట్ దయామయుడు. కానీ ఆయన కట్లు నెలల తరబడి సాగేవి. ఎందుకని? పాదం ముందు భాగాన్ని బయటికి తిప్పేటప్పుడు ఆయన బొటనవేలిని పాదం బయటి అంచు నడుమ, మడమ ఎముకకూ దాని ముందున్న క్యూబాయిడ్ ఎముకకూ మధ్య కీలు దగ్గర ఆనించేవాడు. అక్కడ నొక్కితే మడమ ఎముక కదలకుండా బంధించబడుతుంది. తలుపును బయటికి తోస్తూ, అదే తలుపుకు కాలు అడ్డం పెట్టడం లాంటిది ఇది.

పాదంలోని ఎముకలు విడివిడి తలుపులు కావని పోన్సెటి చూపించాడు. మడమ ఎముక చీలమండలోని టాలస్ ఎముక కింద పడవలా కదులుతుంది. పక్కకు తిరగకుండా అది ఒరగలేదు, ఒరగకుండా లేవలేదు. మూడూ కలిసే జరగాలి. కాబట్టి మడమను ముట్టుకోనే కూడదు. బొటనవేలును టాలస్ తల మీద, చీలమండకు కొంచెం ముందు బయటి వైపు, ఇరుసులా ఆనించాలి. మిగిలిన పాదమంతటినీ దాని కింద నుంచి బయటికి తిప్పాలి. మడమ తనంతట తానే వెనకాల సర్దుకుని వస్తుంది. రెండు పద్ధతులకూ నడుమ తేడా పసిపాదం మీద ఒకటి రెండు సెంటీమీటర్లు. ఆ కాస్త దూరం తెలియక కొన్ని వేల మంది పిల్లలు కత్తి కిందకు వెళ్ళారు.

ఇంకో తప్పు ఇంతకన్నా చిత్రమైనది. పాదం లోపలికి తిరిగి ఉంది కాబట్టి ముందు భాగాన్ని బయటికి మెలితిప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే అరికాలి గుంట ఇంకా లోతవుతుంది. పోన్సెటి మొదటి కట్టులో ముందు భాగాన్ని ఇంకా లోపలి వైపుకే ఎత్తుతాడు. చూసేవాళ్ళకు వంకర పెంచుతున్నట్టు ఉంటుంది. నిజానికి బొటనవేలి వెనకున్న పొడుగు ఎముకను మిగతా వాటితో సమానంగా తెస్తున్నాడన్నమాట. ఈ ఒక్క అంశం చదివేటప్పుడు నా చేతిని పాదంగా ఊహించుకుని తిప్పి చూసుకున్నాను. మీరూ ప్రయత్నించండి, మాటల కన్నా త్వరగా తెలుస్తుంది.

ఆ తరవాత పని సులువు. వారానికోసారి చేతులతో కాసేపు సాగదీసి, కాలివేళ్ళ నుంచి తొడ దాకా మోకాలు వంచి పిండికట్టు. మోకాలి కింద దాకా కట్టు సరిపోదు, జారిపోతుంది, పాదాన్ని తిప్పి ఉంచలేదు. బంధకాల్లోని కొల్లాజెన్ పోగులు అలలు అలలుగా ఉంటాయి, సాగదీస్తే తిన్నబడతాయి, వారంలో కొత్త పొడవుకు అలవాటు పడతాయి. పోన్సెటి కొల్లాజెన్ మీద ఊరికే మాట్లాడలేదు. కేసరి పప్పుకు దగ్గర చుట్టమైన స్వీట్ పీ గింజలు తిన్న ఎలుకలకు వెన్నెముక వంకర పోవడాన్ని ఆయన 1950లలో పరిశోధించాడు. ఐదారు కట్లకు మూడు వంకరలు పోతాయి. చాలామందిలో మడమ మాత్రం పైనే ఉండిపోతుంది. అప్పుడు మడమ వెనకున్న అకిలిస్ టెండాన్‌ను సన్నని కత్తితో, చర్మం పెద్దగా తెరవకుండా, తెగ్గోస్తారు. మూడు వారాల చివరి కట్టులో అది కావలసిన పొడవుతో మళ్ళీ అతుక్కుంటుంది.

అనువాదకుడిగా ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో టెండాన్ అంటే స్నాయుబంధకం. ఇంట్లో అడిగితే అది నరం. రక్తం పారేదీ నరమే, మెదడు కబురు మోసేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే. 'మడమ నరం కోస్తాం' అని చెప్పగానే కాలు చచ్చుబడుతుందని తల్లి బెదిరిపోతే తప్పు ఆమెది కాదు. మనం మూడింటికీ ఒకే మాట వాడుతున్నాం. కండ చివర ఉండే తాడు అని చెబితే చాలు, కాస్త పొడుగైనా.

ఈ పద్ధతి వెనకున్న మనిషి గురించి పుస్తకం దాదాపు ఏమీ చెప్పదు. అది రచయిత మర్యాద. పోన్సెటి 1914లో స్పెయిన్ కు చెందిన మెనోర్కా దీవిలో పుట్టాడు, తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. బార్సిలోనాలో వైద్యం చదువు ముగిసిన 1936లోనే అంతర్యుద్ధం మొదలైంది. రిపబ్లిక్ పక్షాన సైనిక వైద్యుడిగా పనిచేసి, ఓటమి తరవాత 1939లో గాయపడినవాళ్ళను వెంటబెట్టుకుని కొండలు దాటి ఫ్రాన్స్ చేరాడు. అక్కడి నుంచి మెక్సికోలో ఒక పల్లె, 1941లో అమెరికాలోని అయోవా. అక్కడ ఆయన గురువు ఆర్థర్ స్టైండ్లర్ అంతకు ముందు శస్త్రచికిత్స చేసిన వంకర పాదాలను ఆయన పరీక్షించాడు. చూడటానికి తిన్నగా ఉన్న పాదాలు బిగుసుకుపోయి ఉన్నాయి, నొప్పి పెడుతున్నాయి. కోసిన చోట మచ్చ కణజాలం పెరిగి, కీళ్ళను సిమెంటు వేసినట్టు పట్టేసింది. 1940ల చివరలో ఆయన కత్తి మానేసి తన కట్లు మొదలుపెట్టాడు. 2009లో, 95 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

1963లోనే ఫలితాలు ప్రచురించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో పాదం వెనకా లోపలా బంధకాలన్నిటినీ కోసి వదులు చేసే పెద్ద శస్త్రచికిత్సలు వ్యాప్తిలోకి వచ్చాయి. ఎందుకిలా జరిగిందో పోన్సెటి పుస్తకంలో చెప్పే కారణం శరీర నిర్మాణం తెలియకపోవడం. నాకు అది సగమే అనిపిస్తుంది. పిండికట్టు అప్పటికే చెడ్డపేరు తెచ్చుకుంది, ఎందుకంటే చాలామంది దాన్ని తప్పుగానే వేశారు. పైగా ఆపరేషన్ చేస్తే మర్నాడే పాదం తిన్నగా కనిపిస్తుంది. ఎక్స్‌రేలో కోణాలు సరిపోతాయి. అది బిగుసుకునే నాటికి బిడ్డకు పాతికేళ్ళు వస్తాయి, ఊరు మారి ఉంటాడు, కోసిన డాక్టరు పదవీ విరమణ చేసి ఉంటాడు. తప్పు జరిగిన చోటికి తిరిగి కబురు రాదు. పిల్లల వైద్యంలో ఇది ఎప్పుడూ ఉండే ప్రమాదం. ఎముక ఎదగడానికి పదహారేళ్ళు పడుతుంది, కొత్త పద్ధతి పేరు తెచ్చుకోవడానికి రెండేళ్ళు చాలు.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకొచ్చే మన ప్రాంతంలో కట్టు అన్న మాటకు గౌరవం ఉంది. పెద్దాసుపత్రుల్లో మాత్రం ఆపరేషన్ చేసేవాడు సర్జను, కట్టు వేసేది కింది ఉద్యోగి పని అన్న భావం పాతుకుపోయింది. పోన్సెటి చెప్పింది ఇందుకు తలకిందులు. కట్టు వేయడమే నేర్పు, అందుకు వేళ్ళకు శరీర నిర్మాణం తెలియాలి.

ఇక అంకెలు. విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగాలి. 1995లో కూపర్, డీట్జ్ అనే ఇద్దరు వైద్యులు పోన్సెటి దగ్గర చిన్నప్పుడు చికిత్స పొంది, సగటున 34 ఏళ్ళకు చేరుకున్న 45 మందిని వెతికి పట్టుకుని పరీక్షించారు. వారిలో నూటికి 78 మంది పాదాలు బాగు లేదా చాలా బాగు అని తేలింది. వింటే గొప్పగా లేదు. అయితే అదే కొలబద్దతో పుట్టుకతో ఏ లోపమూ లేని 97 మందినీ చూశారు. వారిలో బాగున్నవారు నూటికి 85. అంటే మామూలు మనుషులకు కూడా ఆ వయసుకు పాదాలు నొప్పి పెడతాయి! పోల్చి చూడటానికి రెండో వరస లేకపోతే 78 అన్న అంకె మనల్ని ఎటైనా తీసుకుపోగలదు. పాతికేళ్ళు గడిచాక పెద్ద శస్త్రచికిత్స పొందినవాళ్ళ పాదాలను చూసిన పరిశీలన ఒకటి 2006లో వచ్చింది. అందులో చాలామందికి పాదం సరిగా పనిచేయడం లేదు.

ఇందులో లోటు లేదా? ఉంది. ముప్ఫై ఏళ్ళ తరవాత దొరికినవాళ్ళనే లెక్కపెట్టారు. దొరకనివాళ్ళ పాదాలు ఎలా ఉన్నాయో ఎవరికి తెలుసు? అంతా ఒకే ఆసుపత్రి, ఆ పద్ధతిని కనిపెట్టినవాడి చేయి. చీటీలు తీసి ఇటు సగం అటు సగం పంచిన ప్రయోగం కాదు. పుస్తకం ఈ విషయాలను దాచదు కానీ, వాటి మీద నిలబడి ఆలోచించదు కూడా. తరవాత వేరే దేశాల్లో, వేరే చేతుల్లో కూడా ఇలాంటి ఫలితాలే వచ్చాయి కాబట్టి ఈరోజు మనకు నమ్మకం కలుగుతోంది. 1996లో పుస్తకం ఒక్కటే చదివి సందేహించిన వైద్యుణ్ణి నేను తప్పుపట్టను. చదవకుండానే తోసిపుచ్చినవాళ్ళ సంగతి వేరు.

పద్ధతి వ్యాపించడానికి ఈ పుస్తకం కన్నా తల్లిదండ్రులే ఎక్కువ కారణం అని చెప్పాలి. 1990ల చివర ఇంటర్నెట్ లో ఒకరికొకరు తారసపడిన అమెరికన్ తల్లులు తమ పిల్లల పాదాల ఫోటోలు పెట్టి, ఆపరేషన్ వద్దనుకుని అయోవాకు బయలుదేరారు. వాళ్ళ ఊళ్ళ డాక్టర్లు ఆ తరవాత నేర్చుకున్నారు. పోన్సెటి బృందమే 2003లో ఈ సంగతి ఒక వ్యాసంలో రాసింది. వైద్య విజ్ఞానం పైనుంచి కిందికే పారుతుందని అనుకునేవాళ్ళకు ఇది మంచి ఉదాహరణ. అయితే ఇంటర్నెట్ లో ఇదే దారిన తప్పుడు వైద్యాలు కూడా ప్రయాణిస్తాయి, దాన్ని మరవకూడదు.

ఇప్పుడు పుస్తకం మీద నా అసలు ఫిర్యాదు. కట్లు తీశాక పాదం మళ్ళీ వంకర తిరుగుతుంది. దాన్ని ఆపడానికి ఒక కడ్డీకి బిగించిన రెండు బూట్లు వేయాలి. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తరవాత నాలుగేళ్ళ వయసు దాకా రాత్రంతా, పగటి నిద్రలోనూ. 2004లో వచ్చిన అయోవా నివేదికలో 157 మంది పిల్లల 256 పాదాల లెక్క ఉంది. నూటికి 98 సరయ్యాయి. పత్రికల వాళ్ళం ఆ 98నే పట్టుకుని 'అద్భుత చికిత్స' అని శీర్షిక పెట్టాం. నేనూ పెట్టాను. అదే నివేదికలో నూటికి 11 మందికి వంకర తిరగబెట్టిందని ఉంది. అది బిడ్డ వయసును బట్టి కాదు, ముందు చేయించిన వైద్యాన్ని బట్టి కాదు, బూట్లు సరిగా వాడకపోవడాన్ని బట్టే అని కూడా ఉంది.

నేనొక లెక్క వేశాను. డాక్టరు చేయి పాదం మీద ఉండేది ఆరు కట్లకు, కట్టుకు అరగంట అనుకుంటే, మూడు గంటలు. బూట్ల లెక్క చూడండి. మూడు నెలలకు 23 గంటల చొప్పున రెండు వేల గంటల పైన. తరవాత మూడున్నర ఏళ్ళు రోజుకు 12 గంటలనుకుంటే పదిహేను వేల గంటలు. మొత్తం పదిహేడు వేలు. మూడు గంటల పనికి బొటనవేలి స్థానంతో సహా బొమ్మలు, అధ్యాయాలు. పదిహేడు వేల గంటల పని చేసే తల్లికి ఈ పుస్తకంలో దక్కింది చాలా తక్కువ చోటు. వైద్యులకోసం రాసింది కదా అనవచ్చు. కానీ తిరగబెట్టడం అక్కడే జరుగుతుంటే, వైద్యుడు తెలుసుకోవాల్సిందీ అక్కడే ఉండాలి.

వైద్య పత్రికలు దీనికి వాడే మాటను తెలుగు చేయడానికి కూర్చుంటే నాకు 'చెప్పిన మాట వినకపోవడం' అన్నదే వచ్చింది. ఆ మాటలో నేరం ఎవరిదో ముందే తేలిపోయింది. ఒక ప్రభుత్వాసుపత్రిలో వారంలో ఒకరోజు జరిగే వంకర పాదాల క్లినిక్ లో ఒక పూట కూర్చున్నాను. బకెట్ల నీళ్ళలో నానబెట్టి పాత కట్టు విప్పుతున్నారు, గది అంతా తడి పిండి వాసన. ఏడాదిన్నర బాబు పాదం మళ్ళీ లోపలికి తిరుగుతోంది.

"రాత్రి బూట్లు వేస్తున్నావా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"ఏస్తన్న సారూ. రాత్రంత ఏడుస్తడు. మా అత్తమ్మ చూడలేక ఇప్పేస్తది. పక్కింటోళ్ళు పిలగాన్ని కట్టేసి పండవెడ్తరా అంటరు."

ఆ బూట్లు చూశాను, వేళ్ళు అంచు దాటి బయటికి వచ్చాయి. పెద్ద సైజు బూట్లు వచ్చి నెల దాటలేదట, ఈవిడ వచ్చి రెండు నెలలైంది. రావాలంటే రెండు బస్సులు, ఒకరోజు కూలి. డాక్టరు కార్డు మీద ఏదో రాశాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

బూట్ల విషయంలో మన దగ్గర జరిగిన ఒక కథ అందరికీ తెలుసు. అగ్ని క్షిపణికి వాడిన తేలిక పదార్థంతో హైదరాబాదులోని నిమ్స్ లో పోలియో పిల్లలకు కాలిపర్లు చేశారు. మూడు కిలోల బరువు మూడు వందల గ్రాములకు తగ్గిందని అబ్దుల్ కలాం ఎన్నోసార్లు సంతోషంగా చెప్పుకున్నారు. దానికి పూర్తిగా ఎదురు దారి ఉగాండాలో స్టీన్‌బీక్ చేసిన వంకర పాదాల బూటు. తోలు, మామూలు ఇనుప కడ్డీ, చెప్పులు కుట్టే మనిషి, వెల్డింగ్ షాపు, అంతే. మడమ కిందికి దిగిందో లేదో చూడటానికి వెనక ఒక రంధ్రం. మన దేశంలో కూడా ఇది విరివిగా వాడుకలోకి వచ్చింది. క్షిపణి పదార్థం మంచి వార్త అవుతుంది. నాలుగేళ్ళలో అరడజను సైజులు మార్చాల్సిన బిడ్డకు మాత్రం జిల్లాలో దొరికే తోలే మేలు.

ఉగాండా, మలావీ వంటి చోట్ల సర్జన్లు సరిపోక వైద్య సహాయకులకు ఈ కట్లు నేర్పారు. వాళ్ళు బాగానే వేశారు. పోన్సెటి పద్ధతిలో తన చేయి తప్ప వేరెవరి చేయీ పనికిరాదన్నది ఏదీ లేదని అది రుజువు చేసింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకాల్సిన 30 సమస్యల్లో వంకర పాదాన్నీ, పుట్టుకతో తుంటి కీలు జారడాన్నీ చేర్చింది. 2009 నుంచి క్యూర్ ఇండియా వంటి సంస్థలు ప్రభుత్వాసుపత్రులతో కలిసి క్లినిక్కులు నడిపాయి. 2011 జనవరి తరవాత మన దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. పోలియోకు చుక్కల మందు ఉంది, ఇంటింటికీ తిరిగి వేయగలిగారు. దీనికి చుక్కలు లేవు. ప్రతి బిడ్డకూ ఆరు కట్లు, నాలుగేళ్ళ రాత్రులు కావాలి.

చదవాలనుకునేవారికి ఒక సూచన. గ్లోబల్ హెల్ప్ అనే సంస్థ ఇదే చికిత్స మీద బొమ్మలతో ఒక పలచని పుస్తకాన్ని అనేక భాషల్లో ఉచితంగా ఇస్తోంది. పోన్సెటి, ఆయన సహచరులు కలిసి రాసినది. ముందు అది చూసి, తరవాత 1996 పుస్తకంలో పిండాల పాదాల అధ్యాయం, కీళ్ళ కదలికల అధ్యాయం చదవండి. చిన్న పుస్తకం ఎలా చేయాలో చెబుతుంది, పెద్దది ఎందుకో చెబుతుంది. బూట్లు వేసుకున్న బిడ్డ రాత్రి ఏడిస్తే అత్తగారికి ఏం చెప్పాలో చెప్పే మూడో పుస్తకం తెలుగులో ఎవరైనా రాయాలి. దాన్ని డాక్టర్లు కాక, ఆ నాలుగేళ్ళూ దాటిన తల్లులు కూర్చుని చెబితే, రాసిపెట్టడానికి నేను సిద్ధం.